‘ఆగ్రహం’ అనవచ్చునా?

సందేహం: మనస్తత్వశాస్త్ర వ్యాసాల్లో ‘అగ్రెషన్’కు ఒకరు ‘ఆగ్రహం’ అనీ, మరొకరు ‘దూకుడు’ అనీ, ఇంకొకరు ‘దౌర్జన్యం’ అనీ రాస్తున్నారు. ఆ ఇంగ్లీషు మాటా మన ‘ఆగ్రహ’మూ ఒకే మూలం నుంచి వచ్చాయని మిత్రులొకరు అన్నారు. నిజమేనా? ఏ మాట వాడాలి?

సమాధానం: ధ్వనిలో పోలికే తప్ప ఆ రెంటికీ చుట్టరికం లేదు. ‘ఆగ్రహం’లో ఉన్నది పట్టుకోవడమనే అర్థమిచ్చే ‘గ్రహ్’ ధాతువు. సంస్కృతంలో ఆ మాటకు పట్టుదల అని అర్థం, ‘సత్యాగ్రహం’లో నేటికీ అదే నిలిచి ఉంది. తెలుగులో అది కోపమై, అనుగ్రహానికి ఎదురు నిలబడింది. ‘అగ్రెషన్’ లాటిన్ మాట. మీదికి అడుగు వెయ్యడం దాని మూలార్థం. ఆ లెక్కన దానికి జోడీ ‘ఆక్రమణ’, ఎందుకంటే ‘క్రమ్’ ధాతువుకూ అడుగు వెయ్యడమనే అర్థం. కానీ ఆ మాట ఈనాడు చెరువులకూ పోరంబోకు స్థలాలకూ అంటుకుపోయింది. మనిషి ప్రవర్తనకు వాడితే చదువరి మనసు రెవెన్యూ ఆఫీసు వైపు పోతుంది.

అయితే ‘ఆగ్రహం’ కూడదనడానికి కారణం వ్యుత్పత్తి కాదు. కోపం మనసులో కలిగేది. శాస్త్రం చెప్పే అగ్రెషన్ చేసే పని, అంటే తప్పించుకోజూసే మనిషికి కావాలని హాని చెయ్యడం. కిరాయి హంతకుడికి చంపబోయే మనిషి మీద కోపమే ఉండనక్కర్లేదు. కోపం నిండా ఉండీ చెయ్యి లేవనివాళ్ళూ ఎందరో. ‘పేదవాడి కోపం పెదవికి చేటు’ అన్నది వాళ్ళ గురించే. 1939లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డొలార్డ్, ఆయన సహచరులు, కోరినదానికి అడ్డు తగలడమే దాడికి మూలమని ప్రతిపాదిస్తూ, శిక్ష భయం దాన్ని అణచిపెడుతుందనీ, అణగినది మరొకరి మీదికి మళ్ళవచ్చుననీ అన్నారు. ఈ చివరి మాటకు ‘అత్త మీద కోపం దుత్త మీద’ కంటే దగ్గరి అనువాదం నాకు దొరకలేదు. (ఆ అడ్డు తగలడాన్ని వారు ‘ఫ్రస్ట్రేషన్’ అన్నారు. దాన్ని ‘నిస్పృహ’ అనడమూ పొరపాటే. నిస్పృహలో మనిషి చతికిలబడతాడు, చెయ్యెత్తడు. ‘ఆశాభంగం’ నయం.)

‘దూకుడు’ చక్కని తెలుగు మాటే కానీ, బ్యాటర్ దూకుడుగా ఆడాడంటే అది మెచ్చుకోలు. ‘దౌర్జన్యం’ దుర్జనుడి పని, తీర్పు అందులోనే ఉంది. బొమ్మ లాక్కున్నాడని తోటివాణ్ణి కొరికిన మూడేళ్ళ పసివాడికి దాన్నెలా అంటగడతాం?

నా మొగ్గు ‘దాడి’ వైపు. ‘మాటల దాడి’ ఇప్పటికే వాడుకలో ఉంది, శాస్త్రమూ తిట్లను ఇందులోనే కలుపుతుంది. దానికి ‘స్వభావం’ మాత్రం తగిలించకండి. ఇది పుట్టుకతో వచ్చే ప్రవృత్తేనని జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1963లో గట్టిగా వాదించాడు. అంతకు రెండేళ్ళ ముందే, పెద్దవాళ్ళు గాలిబొమ్మను కొయ్యసుత్తితో బాదడం చూసిన పిల్లలు వాళ్ళన్న మాటలతో సహా అలాగే బాదుతారని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా స్టాన్‌ఫర్డ్‌లో చూపించాడు. ‘స్వభావం’ అని రాస్తే ఈ వాదులో మనం తెలియకుండానే ఒక పక్షం చేరిపోతాం. ‘దాడి ప్రవర్తన’ అనండి. మామూలు రాతలో నామవాచకం వదిలేసి క్రియతో చెప్పడం ఇంకా మేలు. ‘అతడు అగ్రెసివ్’ అనవలసిన చోట మా ఇంట్లో పెద్దలు ‘వాడు ఊరికే మీదికొస్తాడు’ అనేవారు. ఆ లాటిన్ అడుగు అందులోనే ఉంది.