మోకాళ్ల మాత్ర విరవకు చెల్లీ

చెల్లీ,

నిన్న ఫోన్‌లో "డాక్టర్ రాసిన మాత్ర పెద్దగా ఉందక్కా, సగానికి విరిచి వేసుకుంటున్నా" అన్నావు చూడు, అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ముందు ఆ పని మానెయ్.

స్ట్రిప్ మీద మందు పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉందేమో కళ్లజోడు పెట్టుకుని చూడు. ఉంటే ఆ మందు కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగేలా చేసిన మాత్ర. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్‌నే తీసుకో, మామూలు 50 మిల్లీగ్రాముల మాత్ర అయితే రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవాలి, ఎస్ఆర్ 100 ఒక్కటి రోజంతా వస్తుంది. దాన్ని నలిపితే ఆ మందంతా ఒక్కసారే దిగుతుంది. మధ్యలో గీత ఉన్నా సరే, డాక్టర్‌ని అడగకుండా విరవద్దు.

ఇవన్నీ పుస్తకం చదివి చెప్పట్లేదే. గొంతుకు అడ్డం పడుతోందని అప్పడాల కర్రతో నలిపి పెరుగన్నంలో కలుపుకున్న మహాతల్లిని నేనే! మధ్యాహ్నానికి గుండెల్లో కారం పోసినట్టు మంట. రాత్రికి మోకాలు మళ్లీ మొదటికి. మీ బావగారు ఇప్పటికీ ఆ కర్ర చూసినప్పుడల్లా నవ్వుతారు.

ఇంకోటి. ఇది మెల్లగా పనిచేసే మందు. అరగంటలో తగ్గలేదని ఇంకోటి వేసుకోకు, నిన్న మర్చిపోయానని ఇవాళ రెండు వేసుకోకు. మెడికల్ షాపువాడు "కీళ్ల నొప్పికి" అని ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో ఎసిక్లోఫెనాక్ (డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందే), పారాసిటమాల్ కలిసే ఉంటాయి. జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ ఉంటుంది. అన్నీ కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు, మన వయసువాళ్లకు 3 గ్రాముల లోపే ఉండమంటారు డాక్టర్లు.

నీకు అసలే బీపీ. డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. నీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంటే మరీ జాగ్రత్త. ఆ స్ట్రిప్ డాక్టర్‌కి చూపించు, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే క్రియాటినిన్ రక్త పరీక్ష రాయమను. అన్నం తిన్నాకే వేసుకో. విరేచనం తారులా నల్లగా అయినా, కాళ్లు వాచినా మాత్ర ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఒక్క మోకాలికే అయితే మాత్రకు ముందు డైక్లోఫెనాక్ జెల్ సరిపోతుందేమో కూడా అడుగు. అది రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది.

ఆదివారం కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగుతాను. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఫ్రిజ్ మీది డబ్బాలోవి కూడా, టేబుల్ మీద పోసి ఉంచు.

అక్క