రాకాసి గుళ్ల దారిలో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఊరి బయట గుట్ట దిగువన రాళ్లకుప్పలు పదిదాకా ఉన్నాయి. పెద్దవాళ్లు వాటిని రాకాసి గుళ్లంటారు. అవి పాతకాలపు సమాధులో, చేను బాగుచేసినప్పుడు ఏరిపోసిన రాళ్లో తేల్చుకునేదెలా?

జవాబు: పేరును తేలిగ్గా తీసిపారేయకండి. రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అని పిలిచేచోట ఇనుపయుగపు సమాధులు బయటపడటం తెలంగాణలో మామూలే. ఆ బండలు మనుషులు లేపలేరు, రాక్షసులో పాండవులో పెట్టి ఉంటారని జనం అనుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఇవి ఎక్కువగా క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్ది నాటివి.

పేరు ఒక్కటే చాలదు, నేల చూడాలి. చేలోంచి ఏరిపోసిన కుప్పలో రాళ్లు ఒక మనిషి ఎత్తగలిగినంతే ఉంటాయి. గట్టు వెంట పొడుగ్గానో, చేను మూలనో పడి ఉంటాయి. మట్టిలోంచి తీసినవి కాబట్టి చాలావాటికి ఒకవైపు ఇంకా మట్టిరంగు పోదు. సమాధి వలయం తీరు వేరు. చుట్టూ ఉన్న గుండ్లు ఒక్కడు కదిలించలేనంత పెద్దవి, సగం నేలలో దిగబడి ఉంటాయి. లోపల చిన్నరాళ్లూ మట్టీ కలిసిపోయి తాబేటి వీపులా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. టేపు పట్టుకెళ్లి ఉత్తర దక్షిణాలుగా ఒకసారి, తూర్పు పడమరలుగా ఒకసారి కొలవండి. రెండు కొలతలూ ఇంచుమించు ఒకటే వస్తే అది ఎవరో గీసి పేర్చిన వలయం. మామూలుగా అయిదు నుంచి పన్నెండు మీటర్ల వెడల్పుంటుంది. ట్రాక్టరు ఒక పక్క దున్నేసి ఉంటే సగం వలయమే మిగులుతుంది. అలాంటప్పుడు మిగిలిన సగం ఎంత వంపు తిరిగిందో చూసి మొత్తాన్ని ఊహించాలి.

వెళ్లే వేళ కూడా ముఖ్యమే. వానలు తగ్గాక నడుమెత్తు గడ్డి ఉంటుంది, ఏమీ కనబడదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరిదాకా మంచి అదను. పొద్దు పొడిచాక మొదటి గంట, పొద్దుగూకే ముందు చివరి గంట ఏటవాలు ఎండ పడుతుంది. అప్పుడు జానెడు ఎత్తున్న ఉబ్బు కూడా నీడ వేసి బయటపడుతుంది. మిట్టమధ్యాహ్నం అదే చోట నిలబడితే ఒట్టి మొరం నేల అనిపిస్తుంది. ఒకసారి చూసి ఏమీ లేదని తిరిగిరావద్దు.

ఇంకో పొరపాటు: తేలిగ్గా, బూడిదరంగులో, పొడిపొడిగా రాలే దిబ్బ కనబడి, అందులో గాజులా కరిగి గట్టిపడిన పెళ్లలు ఉంటే అది సమాధి కాదు, బూడిదదిబ్బ. కొత్తరాతియుగంలో పశువుల దొడ్డిలో పోగైన పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టగా మిగిలింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్వి చూసినది ఇలాంటి దిబ్బనే. సమాధుల కంటే పాతదీ, అంతే విలువైనదీ.

ప్రశ్న: డోల్మెన్, సిస్ట్, మెన్హిర్ అని వింటుంటాం. తేడా ఏమిటి, ఎక్కడ చూడొచ్చు?

జవాబు: నేల మీద బండలు నిలబెట్టి పైన కప్పుబండ వేస్తే డోల్మెన్. అదే బండల పెట్టె నేలలోపల ఉంటే సిస్ట్. ఒంటిరాయి నిలబెడితే మెన్హిర్, మన మాటలో నిలువురాయి. కొన్ని పెట్టెల పక్కబండకు గుండ్రటి కన్నం తొలిచి ఉంటుంది. తరచుగా అది తూర్పువైపు ఉంటుంది, అయినా దిక్సూచితో చూసే రాసుకోండి.

డోల్మెన్లకు ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి, నేలలోపలి పెట్టెలకు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట చూడండి. గోదావరి లోయలోని ఈ ప్రాంతంలోనే దొంగతోగు వంటి చోట్ల చేతులు చాచిన మనిషిలా, శిలువ ఆకారంలో చెక్కిన నిలువురాళ్లున్నాయి. అడవిలో ఉన్నవాటికి ముందే అటవీశాఖ అనుమతి అడగండి, ఆ ఊరి మనిషిని తోడు తీసుకెళ్లండి.

నిలువురాళ్లకైతే నారాయణపేట జిల్లా కృష్ణా తీరంలోని ముడుమాల్. పది నుంచి పద్నాలుగు అడుగుల రాళ్లు బారులుగా నిలబడి ఉంటాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. అక్కడ ఒక రాతిమీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. వాటిని ఫొటోలో పట్టాలని సుద్దపొడో పిండో అద్దకండి. పొడి రాతి సందుల్లో చేరి మళ్లీ రాదు. సాయంత్రం దాకా ఆగి టార్చిని రాతి ఉపరితలానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి, ప్రతి గుంటా నీడతో నిండి దానంతటదే కనిపిస్తుంది. ఊరివాళ్లు అక్కడి రాళ్లను దేవుళ్లుగా కొలుస్తారు. చెప్పులు ఎక్కడ విడవాలో వాళ్లనే అడగండి.

ప్రశ్న: మా దగ్గర ఒక సమాధిని రాత్రిపూట ఎవరో తవ్విపోయారు. లోపల గుప్తనిధి ఉంటుందట. నిజమేనా?

జవాబు: ఈ మాట ఒక్కటే ఎన్ని సమాధుల్ని మింగిందో. లోపల సాధారణంగా దొరికేవి ఎముకల ముక్కలు, కుండలు, తుప్పుపట్టిన ఇనుప కత్తులు, గొడ్డళ్లు, బాణపు మొనలు, ఎర్రటి కార్నీలియన్ రాతి పూసలు. బంగారం రాశులు కావు. తవ్వినవాడికి అమ్ముకోవడానికి ఏమీ మిగలదు, మనకు తెలుసుకోవడానికీ ఏమీ మిగలదు.

ఎందుకు మిగలదో చెబుతాం. కుండ విలువ కుండలో లేదు, అది ఏ పొరలో, ఏ ఎముక పక్కన, ఏ వైపు తిరిగి ఉందన్నదాంట్లో ఉంది. కుండల పక్కనున్న బొగ్గుముక్కతో కాలం లెక్కకడతారు. పారతో ఒక్కసారి తిరగేస్తే ఆ బొగ్గు ఏ పొరదో చెప్పలేం. మట్టిరేణువులు ఆఖరుసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో కొలిచే పద్ధతి కూడా ఉంది. గొయ్యి తెరిచి వదిలేస్తే ఆ రేణువుల మీద ఎండ పడి, లోపల దాచుకున్న లెక్క చెరిగిపోతుంది.

ప్రాణాపాయం కూడా ఉంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైటు కప్పుబండ దాదాపు అయిదు టన్నులు తూగుతుంది. పక్కబండ కింద మట్టి తోడితే అది వాలుతుంది, కప్పు జారుతుంది. తవ్విన గొయ్యిలోకి దిగకండి, పిల్లల్ని దిగనివ్వకండి. ఫొటో తీసి, తారీఖు రాసి, తహసీల్దారుకూ రాష్ట్ర పురావస్తు శాఖకూ రాతపూర్వకంగా ఇవ్వండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే, 2010లో సవరించిన 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది.

ప్రశ్న: నేలమీద పడివున్న కుండపెంకు ఒకటి గుర్తుగా తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు. చేతిలోకి తీసుకోకుండానే చూడొచ్చు. లోపలివైపూ అంచూ నల్లగా, బయట కింది భాగం ఎర్రగా ఉంటే అది ఇనుపయుగపు కుండ కావచ్చు. ఒకే కుండకు రెండు రంగులెలా వచ్చాయంటే, బోర్లించి కాల్చినప్పుడు లోపలికీ అంచుకూ గాలి తగలక నల్లబడింది, గాలి తగిలిన బయటి భాగం ఎర్రబడింది. పెంకు పక్కన పెన్నో స్కేలో పెట్టి ఫొటో తీసి అక్కడే వదిలేయండి. వానకు పైకి తేలిన పెంకులే కింద ఏముందో చెప్పే గుర్తు. వచ్చినవాళ్లంతా ఒక్కొక్కటి ఏరుకుంటే ఆ చోటు మూగబోతుంది. పూసో, నాణెమో, పది రూపాయలకు మించి విలువైన ఏ పాతవస్తువైనా నేలలో దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

ప్రశ్న: కొండమీది సమాధులు చూడాలని ఉంది. హిరేబెనకల్ వెళ్తే ఏం జాగ్రత్తలు?

జవాబు: మంచి ఎంపిక. కర్ణాటకలో గంగావతికి పడమరగా ఉంది, 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. కొండమీద వందల కొద్దీ డోల్మెన్లు, కొన్నింటికి గుండ్రటి కన్నాలు. ఎత్తైన గుండు మీద నగారా ఆకారపు పెద్ద రాయి ఒకటి ఉంటుంది. కొడితే దూరం దాకా మోగుతుందంటారు. మీరు కొట్టి చూడకండి, ప్రతి దెబ్బకూ రాతి పైపొర పొడి రాలుతుంది.

పైదాకా కాలినడకే. తెల్లవారగానే ఎక్కి ఎండ ముదరకముందే దిగేయాలి. గ్రానైటు బండ పదకొండు దాటాక పెనంలా కాలుతుంది, వాన పడితే అదే బండ జారుడుబల్ల అవుతుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, నిండుచేతుల చొక్కా తప్పనిసరి. గుండ్ల సందులు ఎలుగుబంట్లకు ఇళ్లు, అందుకే మాట్లాడుకుంటూ నడవండి, గుహలోకి తొంగిచూడకండి. కన్నాల్లో చెయ్యి పెట్టకండి, చల్లదనానికి పాములు చేరతాయి. బండల కింద పెద్ద తేనెపట్టు కనిపిస్తే సెంటు వాసనా పొగా దగ్గరికి రానివ్వకుండా, అరవకుండా వెనక్కి నడవండి. కప్పుబండల మీద ఎక్కి కూర్చుని ఫొటోలు దిగేవాళ్లను చూస్తుంటాం. రెండున్నర వేల ఏళ్లుగా నిలిచిన బండ కింద పగులు ఎక్కడుందో పైనుంచి కనబడదు.

ప్రశ్న: కొత్త చోటు కనిపిస్తే సోషల్ మీడియాలో పెట్టొచ్చా?

జవాబు: ఫొటో పెట్టండి, లొకేషన్ మాత్రం వద్దు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేసి ఇంకో ఫొటో తీసి అదే పెట్టండి. అసలు వివరాలన్నీ పురావస్తు శాఖకు పంపండి: ఊరు, సర్వే నంబరు తెలిస్తే అది, జీపీఎస్ అంకెలు, వలయాలెన్ని, ఒక్కోదాని రెండు కొలతలు, చుట్టూ గుండ్లెన్ని, కన్నం ఏ దిక్కుకు, దగ్గర్లో చెరువో వాగో ఎంత దూరం. క్వారీ, ప్లాట్లు, కొత్తరోడ్డు పనులు ఏవైనా దగ్గరికి వస్తుంటే అది మొదటి వాక్యంలోనే రాయండి.