పన్నెండు మందీ వచ్చారా అని చూసుకో బిడ్డా

బిడ్డా సంధ్యా,

నిన్న రాత్రి మీ నాయిన ఫోన్ చేశాడు. "నీ బిడ్డ చందంపేట గుట్టలల్ల సైకిల్ తొక్కుతదంట, పన్నెండు మందంట, ఈ చలిల. నువ్వన్నా చెప్పన్నా" అన్నాడు. నేను ఆపుతానని అనుకున్నాడు. నేనైతే నిద్రపోతున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను, మన పిల్ల మనం తిరిగిన తోవలోనే తిరుగుతదట అని. అంత సంతోషమైంది. కాసేపటికి భయం పట్టుకుంది, ఇక కన్ను మూతపడలేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను. బయట ఇగం పెడుతోంది. మొన్నటి వాయుగుండం వాన నీళ్లు వీధిలో ఇంకా ఇంకలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. హెల్మెట్ పెట్టుకో. స్పేర్ ట్యూబు, పంపు, టార్చి దగ్గర ఉంచుకో. డిసెంబరులో ఐదూముప్పావుకే పొద్దు గుంకుతుంది, గుట్టల నడుమ ఇంకా ముందే చీకటి పడుతుంది. ఐదింటికల్లా ఊరు చేరేట్టు చూసుకోండి. ఆ అడవిలో కొంత అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. ఫారెస్టు వాళ్లను అడగకుండా లోపలి బాటల్లో దిగొద్దు. తండాల్లో కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడువు.

నీళ్ల సంగతి మాత్రం మామూలు కాదు. దారిలో బోరు కనిపించిందని సీసా నింపుకోకు. ఒక్క రోజు తాగితే ఏమీ కాదని నాకూ తెలుసు. కానీ ముప్ఫై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాణ్ణి. మర్రిగూడలో పళ్లు గారబట్టిన పిల్లలను, కాళ్లు వంకర తిరిగిన పిల్లలను ముందు బెంచీలో కూర్చోబెట్టుకుని చెప్పాను. అదంతా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఆ కాళ్లే కనిపిస్తాయి. నీళ్లు ఇంటినుంచే తీసుకుపో. నా మాట కోసం.

ఇక బురద. గుట్టల మీద ఉండేది ఎర్ర చెలక, వాన వెలిసిన రెండో రోజుకే టైరుకు పట్టు ఇస్తుంది. వాగుల పక్కన, కుంటల కింద నల్లరేగడి తగులుతుంది. దాంతో జాగ్రత్త. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు రెండింతలై, ఫోర్కులో ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. అప్పుడు బలమంతా పెట్టి తొక్కకు. గేర్ల సైకిళ్లకు వెనక చైన్‌ను జరిపే డీరైలర్ ఉంటుంది కదా, అది మట్టితో బిగుసుకున్నప్పుడు గట్టిగా తొక్కితే వంగి స్పోకుల్లో పడుతుంది. ఆ తర్వాత ఇంటిదాకా మోసుకురావలసిందే. రేగడి కనబడగానే దిగి, సైకిల్ భుజాన వేసుకుని గడ్డి మీదుగా నడువు. ఒక వెదురుబద్ద ఫ్రేముకు కట్టుకుంటే మట్టి గీకడానికి పనికొస్తుంది. తడిసిన బండ మీద ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. టైర్లలో గాలి కొంచెం తగ్గించుకో, మరీ తగ్గిస్తే రాళ్లకు ట్యూబు నలిగి పోతుంది.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. మీ నాయినకు కూడా ఇది పూర్తిగా చెప్పలేదు.

1990ల మొదట్లో ఊరూరా అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. పదకొండు మందిమి సైకిళ్ల మీద జాతాగా బయల్దేరాం. పొద్దున ఒక ఊరు, రాత్రికి ఒక తండా. పాటలు, చిన్న నాటిక, ఆ తర్వాత పలక పట్టించడం. బ్యాచికి ఇన్‌ఛార్జిని నేనే. అందరికన్నా చిన్నవాడు ఇంటర్ చదివే పిల్లగాడు, బక్కపలచగా ఉండేవాడు. డప్పు వాడిదే. క్యారేజీ మీద కట్టుకుని తొక్కేవాడు కాబట్టి ఎప్పుడూ వెనకే ఉండేవాడు. మేమూ దానికి అలవాటు పడిపోయాం.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. డిసెంబరే. ఏడింటికి తండాలో మీటింగు, జనం కూర్చుని ఉంటారని నాకు ఒకటే టెన్షన్. కుంట కింద రేగడిలో అందరం దిగిపోయాం. మడ్‌గార్డుల్లో మట్టి కూరుకుపోయి చక్రాలు తిరగడం లేదు. చింతబరికెలతో గీక్కుంటూ, మోసుకుంటూ గట్టెక్కాం. ఎక్కినవాడు ఎక్కినట్టే తొక్కుకుంటూ పోయాడు. అందరికన్నా ముందు నేను.

తండాలో కందీలు వెలిగించి పెట్టారు. చాయ్ ఇచ్చారు, తాగాను. జనం కూడారు. పాట మొదలుపెట్టాలి. అప్పుడు నేను, "డప్పేది?" అని అడిగాను.

పిల్లగాడేడి అని అడగలేదు బిడ్డా. డప్పేది అని అడిగాను. ఇప్పటికీ ఆ మాట నా చెవిలో ఉంది.

తండావాళ్లు ఇద్దరు టార్చిలైట్లు పట్టుకుని నాతో వచ్చారు. కుంట గట్టు దాటాక, తుమ్మచెట్టు కింద సైకిల్ పక్కన కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. డప్పు తోలు తడిస్తే మోగదని చొక్కా విప్పి దానికి చుట్టాడు. వణకడం లేదు. అది చూసి నేను ధైర్యం తెచ్చుకున్నాను, అంత తెలివితక్కువతనం. "నాకేం కాలేదన్నా, మీరు పోండ్రి" అంటున్నాడు, నాలుక మడతపడి మాట ముద్దముద్దగా వస్తోంది. లేపి నిలబెడితే, డప్పుకు కట్టిన చొక్కా ముడి విప్పాలని చూస్తున్నాడు. వేళ్లు ముడి మీదికి పోతున్నాయి, పట్టుకోలేకపోతున్నాయి. మళ్లీ పోతున్నాయి. అలా ఎన్నిసార్లో.

ఎత్తుకుని తండాకు తెచ్చాం. ఒక ముసలవ్వ మమ్మల్నందరినీ పక్కకు నెట్టింది. తడి బట్టలు తీయించి, ఒళ్లు తుడిచి, గొంగడి చుట్టింది. మంటకు మరీ దగ్గరగా కూర్చోనీయలేదు. నేను చేతులు కాళ్లు గట్టిగా రుద్దబోతే నా చెయ్యి మీద కొట్టింది. ఎవరో సారా తెస్తానంటే తిట్టి పంపింది. సారా తాగితే ఒళ్లు వెచ్చబడ్డట్టు అనిపిస్తుంది కానీ లోపలి వేడి చర్మంలోంచి బయటికి పోతుందని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. వాడు గుటక వేయగలడని చూసుకున్నాకే వేడి బెల్లంనీళ్లు కొంచెం కొంచెంగా పట్టించింది. చాలాసేపటికి వాడికి మళ్లీ వణుకు మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు విని నేను బయటికి పోయి ఏడ్చాను.

వాడు బతికాడు. ఇద్దరు పిల్లల తండ్రి ఇప్పుడు. నన్ను ఒక్క మాట అనలేదు, ఎప్పుడూ అనడు కూడా.

అందుకే నీకు చెబుతున్నాను. మన దగ్గర మంచు పడదు, చలికి మనుషులు ఎందుకు పోతారు అనుకోకు. ఒళ్లు తడిసి, గాలి తగులుతుంటే పది పన్నెండు డిగ్రీలు చాలు. వణుకుతున్నవాడు ఇంకా పోరాడుతున్నట్టే. వణుకు ఆగిపోయి, మాట తడబడి, వేళ్లు ముడి విప్పలేకపోతే సైకిళ్లు అక్కడే పడేసి ఆ మనిషిని చూడండి, 108కి ఫోన్ చేయండి. గుట్టల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి ఏ తోవన పోతున్నారో ముందే మీ నాయినకు రాసివ్వు. కాటన్ టీషర్టు వేసుకోవద్దు, అది నీళ్లు పట్టుకుని వదలదు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే జాకెట్ విప్పు, దిగేముందు పైనే ఆగి వేసుకో. పొడి బనీను ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకో. అది నీకే కాదు, ఎవరు తడిస్తే వాళ్లకు.

మీలో బాగా తొక్కేవాళ్లు ఇద్దరు ఉంటారు కదా, ఒకరిని వెనక పెట్టండి. అందరికన్నా మెల్లగా వచ్చేవాళ్లు ఎవరో మొదటి గంటలోనే తెలిసిపోతుంది, వాళ్ల బరువు మీరు పంచుకోండి. వాళ్లు వచ్చేదాకా ఆగడం ఒక్కటే చాలదు. వాళ్లు రాగానే మీరు లేచి బయల్దేరితే వాళ్లకు విశ్రాంతి ఎక్కడిది? వాళ్లు నీళ్లు తాగి, ఊపిరి తీసుకున్నాకే కదలండి. నువ్వు ముందుంటావని నాకు తెలుసు, మీ నాయిన కూడా చిన్నప్పుడు అంతే. ముందుండు, వద్దనను. మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి చూడు.

నా గొంగడి మీ నాయినతో పంపుతున్నాను. బరువని అక్కడే వదిలేయకు, వెంట వచ్చే బండిలో పడెయ్. మీ పెద్దమ్మ తపాలచెక్కలు చేస్తానంటోంది, మనిషికి రెండు లెక్కన.

ఇంకొక్కటి. ఆగిన ప్రతిచోటా సిగ్నల్ ఉంటే నాకు వాట్సాప్‌లో ఒక్క అంకె పంపు. ఫోటోలు తర్వాత చూస్తాను. 12 అని కొట్టు, అంతే. నేను ఫోన్ పట్టుకుని కూర్చునే ఉంటాను.

మీ పెద్దనాయిన