గడువు తీరిన డొమైన్ చవగ్గా దొరకాలంటే...

ప్రశ్న: నేను కోరుకున్న డాట్ కామ్ పేరు వేరొకరి దగ్గర ఉంది. పోయిన నెలతో దాని గడువు ముగుస్తుందని తెలిసి కాచుకుని కూర్చున్నాను. ఇప్పుడు చూస్తే గడువు తేదీ ఏకంగా ఏడాది ముందుకు జరిగింది. సైటు మాత్రం తెరుచుకోవడం లేదు, ఏవో ప్రకటనలు వస్తున్నాయి. ఓనర్ రెన్యూ చేసేసినట్టేనా?

జవాబు: అప్పుడే ఆశ వదులుకోకండి. ఆ కొత్త తేదీని బట్టి ఏమీ చెప్పలేం. డాట్ కామ్ పేర్ల చిట్టా అంతా వెరిసైన్ అనే సంస్థ దగ్గర ఉంటుంది. గడువు తీరిన రోజు అది పేరును తనంతట తానే మరో ఏడాదికి పొడిగించి, ఆ ఫీజును రిజిస్ట్రార్ (మనకు పేర్లు అమ్మే కంపెనీ) ఖాతాలో రాసేస్తుంది. ఓనర్ డబ్బు కట్టకపోతే రిజిస్ట్రార్ 45 రోజుల్లోగా పేరును తీసేసి ఆ ఫీజు వెనక్కి తెచ్చుకోవచ్చు. మీరు చూసిన 'పొడిగింపు' ఇదే అయ్యుండొచ్చు.

డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో ఆ పేరు కొట్టి, తేదీని పక్కనపెట్టి స్టేటస్ అనే చోట ఏముందో చూడండి. 'ఆటో రెన్యూ పీరియడ్' అని ఉంటే సంగతి ఇంకా తేలలేదన్నమాట. పేరు ఏ సైటుకు వెళ్లాలో చెప్పే నేమ్ సర్వర్లు కూడా మారిపోయి రిజిస్ట్రార్ పార్కింగ్ పేజీ (సైటు బదులు చూపించే తాత్కాలిక పేజీ) వైపు తిరిగి ఉంటే, ఓనర్ ఇంకా డబ్బు కట్టలేదనే అనుకోవచ్చు. మీకు కనిపిస్తున్న ప్రకటనలు ఆ పార్కింగ్ పేజీవే కావచ్చు.

ఇక్కడి నుంచి పేరు రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. మొదటిది తొలగింపు. స్టేటస్ 'రిడెంప్షన్ పీరియడ్'కి మారుతుంది, అది 30 రోజులు. ఆ సమయంలో పాత ఓనర్ మాత్రమే, అదీ రెన్యువల్‌తో పాటు గట్టి అపరాధ రుసుము కట్టి, వెనక్కి తీసుకోగలడు. తర్వాత 5 రోజులు 'పెండింగ్ డిలీట్'. అప్పుడు ఓనర్ కూడా ఏమీ చేయలేడు. ఆ అయిదు రోజులూ గడిచాక పేరు బయటికొస్తుంది, ముందు అందుకున్నవాడిదే. అన్నీ కలిపి గడువు తీరాక గరిష్ఠంగా 80 రోజులు. ఈ లెక్క డాట్ కామ్, డాట్ నెట్ లాంటివాటికే. డాట్ యూకే, డాట్ డీఈ లాంటి దేశాల పేర్లకు ఎవరి నిబంధనలు వారివే.

రెండోది వేలం. కాస్త గిరాకీ ఉన్న పేరైతే తొలగింపు దాకా రానే రాదు. గోడాడీ లాంటి పెద్ద రిజిస్ట్రార్లు ఓనర్‌కు ఇచ్చిన గడువు నడుస్తుండగానే దాన్ని వేలానికి పెడతాయి. మీరు గెలిచినా ఈలోగా పాత ఓనర్ డబ్బు కడితే పేరు అతనిదే, మీ డబ్బు మీకు తిరిగొస్తుంది. చవక బేరం కావాలనుకునేవాళ్లు చూడాల్సింది ఆ తర్వాతి ఘట్టం. వేలంలో ఒక్క పాటా పడని పేర్లను గోడాడీ 'క్లోజౌట్' విభాగంలోకి నెట్టి, కొన్ని రోజుల పాటు ధర తగ్గిస్తూ పోతుంది. మీరు కోరిన పేరు మీద ఇంకెవరి కన్నూ పడలేదనిపిస్తే అక్కడిదాకా ఆగండి. అయితే ఆగేకొద్దీ ఇంకెవరైనా తన్నుకుపోవచ్చు, ఆ టెన్షన్ తప్పదు.

ఎంతయితే చవకో తెలియాలిగా. ఒక డాట్ కామ్‌కు వెరిసైన్ రిజిస్ట్రార్ల దగ్గర ఏడాదికి తీసుకునే ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు చేరింది. దానికి కాస్త అటూఇటూగా మామూలు రిజిస్ట్రేషన్ ధరకు దొరికిందంటే అంతకన్నా చవక ఉండదు.

ఇంకో మాట. తొందరపడి ఓనర్‌కు మెయిల్ పెట్టకండి. 'ఓహో, దీన్ని కొనేవాళ్లున్నారన్నమాట' అని అప్పటిదాకా పట్టించుకోనివాడు వెంటనే రెన్యూ చేసి రేటు చెబుతాడు. మంచి ధర పెట్టడానికి సిద్ధంగా ఉంటేనే అడగండి.

ప్రశ్న: పేరు విడుదలయ్యే క్షణానికి కంప్యూటర్ ముందు కూర్చుంటే పట్టుకోగలనా? బ్యాకార్డర్ (విడుదల కాగానే పేరును పట్టి ఇమ్మని ముందే ఇచ్చే ఆర్డరు) పెట్టాలా? ఒకే పేరుకు రెండు మూడు చోట్ల పెట్టొచ్చా?

జవాబు: పది మంది కోరుకునే పేరైతే చేత్తో పట్టుకోవడం కుదరని పని. డ్రాప్‌క్యాచ్, స్నాప్‌నేమ్స్ లాంటి బ్యాకార్డర్ సేవలు ఈ పని మీదే ఉంటాయి. వెరిసైన్‌కు ఒక్కో రిజిస్ట్రార్ పంపగల అభ్యర్థనలకు పరిమితి ఉంటుంది కాబట్టి, ఎన్ని రిజిస్ట్రార్ గుర్తింపులుంటే అన్నిసార్లు ప్రయత్నించొచ్చు. డ్రాప్‌క్యాచ్ ఇందుకోసమే వందల కొద్దీ గుర్తింపులు తీసుకుంది. అలా చిక్కిన పేర్ల వివరాల్లో రిజిస్ట్రార్ దగ్గర 'డ్రాప్‌క్యాచ్ డాట్ కామ్' తర్వాత ఓ నంబరు, ఎల్ఎల్‌సీ అని కనిపిస్తుంది. రద్దీ రైలు తత్కాల్ టికెట్టు కోసం ఒక్క ఫోనుతో వందల ఫోన్ల మీద పోటీపడటం లాంటిదే మీ ప్రయత్నం.

రెండు మూడు చోట్ల నిరభ్యంతరంగా పెట్టండి. సాధారణంగా పేరు దొరికితేనే డబ్బు తీసుకుంటారు, పెట్టేముందు నిబంధనల్లో ఆ ఒక్క లైను చదవండి. ఒకే సేవలో మీతోపాటు ఇంకొకరు బ్యాకార్డర్ పెట్టి ఉంటే ఆ పేరుకు వేలం జరుగుతుంది. మీ గరిష్ఠ ధర ముందే కాగితం మీద రాసుకోండి, వేలం చివరి నిమిషాల్లో చెయ్యి ఆగదు. ఎవరికీ పట్టని పేరైతే మాత్రం బ్యాకార్డర్ ఖర్చూ దండగే. విడుదలైన మర్నాడు వెళ్లి మామూలు ధరకు కొనుక్కోవచ్చు.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పాత డొమైన్ ఒకటి తక్కువ ధరకు వస్తోంది. బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి దానికి వచ్చే లింకులు) బోలెడున్నాయి. కొంటే గూగుల్‌లో నా సైటు పైకొస్తుందా?

జవాబు: దానికోసమే అయితే కొనకండి. ఎక్స్‌పైర్డ్ డొమైన్లు కొని, పాత పలుకుబడితో నాసిరకం పేజీలను పైకి తేవడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ విధానాల్లో చేర్చింది. పేరు నచ్చి, దాని మీద నిజంగా సైటు పెడతానంటే అభ్యంతరం లేదు. కానీ ముందు దాని పూర్వచరిత్ర తవ్వండి.

సైట్ల పాత పేజీలను దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో పేరు కొట్టి ఒక్కో ఏడాదీ తెరిచి చూడండి. మొదటి అయిదేళ్లు మొక్కల పెంపకం సైటు, ఆరో ఏడు ఖాళీ, ఏడో ఏడు ఉన్నట్టుండి తెలియని భాషలో జూదం పేజీలు. ఇలాంటి వరుస కనిపిస్తే ఆ పేరు ఇప్పటికే ఒకసారి గడువు తీరి స్పామర్ల చేతిలో పడిందని అర్థం. మీరు మెచ్చిన బ్యాక్‌లింకుల్లో సగం ఆ ఏడో ఏటివే కావచ్చు. స్పామ్ పంపే డొమైన్లను నమోదు చేసే స్పామ్‌హాస్ జాబితాలోనూ వెతకండి. అందులో ఉంటే మీరు పంపే మెయిళ్లు నేరుగా స్పామ్‌లోకే పోతాయి. ఏదైనా కంపెనీ ట్రేడ్‌మార్కును పోలిన పేరైతే ఉచితంగా ఇచ్చినా ముట్టుకోకండి. 1999 నుంచి అమల్లో ఉన్న యూడీఆర్‌పీ అనే డొమైన్ వివాదాల పరిష్కార ప్రక్రియ కింద ఆ కంపెనీ ఫిర్యాదు చేసి లాక్కునే వీలుంది.

కొత్తగా నమోదైన పేరైతే మొదటి 60 రోజులు మరో రిజిస్ట్రార్‌కు మార్చడం కుదరకపోవచ్చు. రెన్యువల్ ధర ఎంతో కూడా కొనేముందే చూసుకోండి.

ప్రశ్న: నా డొమైనే గడువు తీరి 20 రోజులైంది. పాత కార్డు రద్దవడంతో ఆటో రెన్యువల్ ఆగిపోయింది. పోయినట్టేనా?

జవాబు: ఇలాంటిది పెద్దవాళ్లకూ జరిగింది. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పాస్‌పోర్ట్ డాట్ కామ్ ఫీజు కట్టడం మరిచిపోతే హాట్‌మెయిల్ లాగిన్లు ఆగాయి. ఓ ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టాకే తేరుకుంది. మీరు ఈ పూటే లాగిన్ అయి కట్టేయండి. ఇంకా రిడెంప్షన్‌లోకి వెళ్లకపోతే చాలామంది రిజిస్ట్రార్లు మామూలు ధరకే ఇస్తారు. లాగిన్ మెయిల్ ఐడీ అదే డొమైన్ మీద ఉంటే ఓటీపీ మీకు రాదు. అప్పుడు పాత బిల్లు జతచేసి వేరే మెయిల్ నుంచి సపోర్ట్‌కు రాయండి, పేరు వెనక్కి రాగానే ఖాతాలోని మెయిల్ ఐడీ మార్చేయండి.