‘స్కార్‌బరో ఫెయిర్’ మీద నీ వ్యాసం చదివాక

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వచనం బాగుంది. రెండో పేరా మాత్రం నాకు కోపం తెప్పించింది. ‘స్కార్‌బరో ఫెయిర్’ అనే ఆ ఇంగ్లీషు జానపద పాట పల్లవిలో వచ్చే పార్స్‌లీ, సేజ్, రోజ్‌మేరీ, థైమ్ ఆకులు 1348 నాటి ప్లేగుకు మందులని, పాటలో ఆ రహస్యం దాగుందని రాశావు. ఆధారమేది? ఈ పాటకు పూర్వరూపమైన ‘ఎల్ఫిన్ నైట్’కు దొరికిన పాత ప్రతి సుమారు 1670 నాటి అచ్చు కరపత్రం. అందులో ఆ ఆకుల ఊసే లేదు. పల్లవంతా గాలికి ఎగిరిపోయిన శాలువా గురించే. ఆకులు కనబడేది ఆ తర్వాత నూరేళ్లు దాటాక, పిల్లల పాటల సంకలనంలో. జానపద పాటలో అన్నిటికన్నా తేలిగ్గా మారేది పల్లవే, దాన్ని పట్టుకుని కాలనిర్ణయం చేయకూడదు. ఇంగ్లండ్ రాజు హెన్రీ 3 స్కార్‌బరో ఊరి సంతకు 1253లో అనుమతిచ్చాడు కాబట్టి పాటా అప్పటిదే అనడం కూడా ఇలాంటి పొరపాటే. ‘దాగిన రహస్యం’ అని శీర్షిక పెడితే తప్ప వ్యాసం వేసుకోని సంపాదకులు ఈ జబ్బును పెంచి పోషించారు.

రహస్యాలు వెతకడం మానేసి, ఏ చరణం ఎవరు పాడుతున్నారో చూడు. పాత పాఠాల్లో, అంటే పాట పాత రూపాల్లో, ఇది ఒక మగవాడికీ ఆడమనిషికీ మధ్య పోటీ. సూది తగలకుండా, కుట్టు లేకుండా చొక్కా కుట్టమని, నీళ్లు లేని బావిలో ఉతకమని అతడు అడుగుతాడు. ఆమె ఊరుకోదు. సముద్రానికీ ఒడ్డుకూ మధ్య ఎకరం నేల చూసి విత్తమని, తోలు కొడవలితో కోయమని ఎదురడుగుతుంది. అమెరికన్ గాయకులు పాల్ సైమన్, గార్‌ఫంకెల్ 1966లో పాడిన పాఠంలో ఆ ఎకరం, ఆ కొడవలి కూడా ఆమె నెత్తినే పడ్డాయి. జవాబు చెప్పే ఆడగొంతు మాయమైంది. నీ వ్యాసానికి అసలు విషయం ఇదే. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

వరస, అంటే బాణీ, సంగతీ రాయాలి. జానపద పాటల సేకర్త ఫ్రాంక్ కిడ్సన్ 1891లో అచ్చువేసిన, విట్బీ ఊళ్లో పాడిన వరస వేరు. ఇప్పుడు అందరూ పాడేది మార్క్ అండర్సన్ అనే సీసపు గని కార్మికుడి దగ్గర గాయకుడు ఇవాన్ మెక్‌కాల్ సేకరించినది. 1960లో పుస్తకంలోకి ఎక్కింది, 1965లో ఇంగ్లీషు జానపద గాయకుడు మార్టిన్ కార్తీ రికార్డు చేశాడు. లండన్‌లో అతని దగ్గరే పాల్ సైమన్ నేర్చుకున్నాడు. సైమన్, గార్‌ఫంకెల్ రికార్డు మీద మాత్రం కార్తీ పేరు లేదు, అండర్సన్ పేరు అసలే లేదు. నువ్వైనా రాయి.

స్వరాలు మన ఖరహరప్రియ రాగానివే. ఆకుల పేర్లు వచ్చే పాదంలో ‘సేజ్’ మీద పై షడ్జం, తర్వాత ని ప ధ మ ప. ఆ ధైవతం (ధ) చతుశ్రుతి, అంటే శుద్ధ ధైవతం కన్నా పైది. శుద్ధ ధైవతం వేస్తే నఠభైరవి స్వరాల్లోకి జారి వట్టి ఏడుపు పాటవుతుంది. ఈ పాటను కొత్తగా పాడే వాళ్లు చాలామంది అక్కడే చెడగొడతారు.

తిరగరాసే ముందు ఒక పట్టిక వేసుకో. ఒక్కో పాఠానికి ఒక్కో అడ్డవరస. నిలువు గళ్లలో ఏడాది, పాడిన మనిషి, సేకరించినవారు, పల్లవి, ఎవరు ఎవరిని ఏం అడిగారు, వరస. మాటలకు చైల్డ్ అనే పండితుడు కూర్చిన జానపద గాథల సంకలనంలో 2వ గాథ చూడు. అందులో వరసలు దాదాపు ఉండవు, వాటికి ఆ గాథల వరసలను కూర్చిన బ్రాన్సన్ సంపుటాలు తియ్యి. మిగతావి రౌడ్ అనే జానపద పాటల సూచికలో 12వ సంఖ్య కింద ఉంటాయి. కనీసం పది పాఠాలు నింపి, ఆ రెండో పేరా కొట్టేసి, పట్టికతో సహా మళ్లీ పంపు.