అల్లుడూ, ముందు బైనాక్యులర్స్ కొనుక్కో

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. వేటకని నువ్వు చూసుకున్న 6-24×50 స్కోప్, అంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి, దానితో పాటు ఫ్రీగా ఇస్తున్న బుల్లి బైనాక్యులర్స్. ఆర్డర్ పెట్టెయ్యనా మావయ్యా అన్నావు. పెట్టకు. ఎందుకో ఫోన్‌లో చెప్పబోతే సగంలో నీకు ఆఫీస్ కాల్ వస్తుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

వస్తువుల కంటే ముందు కాగితం సంగతి. నువ్వు హెచ్‌1బి మీద ఉన్నావు. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, చేతిలో చెల్లే హంటింగ్ లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు. నా రైఫిల్‌ని ఊరికే షూటింగ్ రేంజ్‌లో పట్టుకుని చూడాలన్నా ఆ లైసెన్స్ నీ జేబులో ఉండాల్సిందే. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, అదీ పూర్తి చెయ్యి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టంతో వేట మూతపడింది, ఇంట్లో నేర్పే పెద్దలెవరూ లేరు మనకి. నేనూ నలభై దాటాక ఇక్కడ టెక్సస్‌లోనే లానో అనే ఊరి దగ్గర ఒక రాంచ్‌లో తిట్లు తింటూ నేర్చుకున్నవాణ్ణే.

ఇక అసలు విషయం. బైనాక్యులర్స్ వెతకడానికి, స్కోప్ కాల్చడానికి. కొత్తవాళ్లు ఈ రెండూ కలిపేస్తారు, స్కోప్ ఉందిగా అని దాంతోనే పొదలన్నీ గాలిస్తారు. స్కోప్ ఎటు చూస్తే తుపాకీ గొట్టం అటే చూస్తుంది కదరా! మూడో ఏడాది అనుకుంటా, పొద్దున్నే మబ్బు వెలుతురులో జునిపర్ చెట్ల వెనకాల గోధుమరంగులో ఏదో కదిలింది. జింకే అనుకున్నా. బైనాక్యులర్స్ ఎత్తి చూస్తే ఫెన్సింగ్ తీగ సరిచేస్తున్న మనిషి జాకెట్ అది. ఆ రోజు నేను రైఫిల్ ఎత్తి ఉంటే నా తూటా వెళ్లేది అతని వీపు వైపే. ఇప్పటికీ గుర్తొస్తే అరిచేతులు చెమటలు పడతాయి. అందుకే డబ్బంతా చూసుకుని ఎక్కువ వాటా బైనాక్యులర్స్‌కి పెట్టు. బ్లైండ్‌లో, అంటే జింకలకి కనపడకుండా దాక్కునే చోట, కూర్చుంటే గంటల తరబడి చూసేది వాటిల్లోంచే, స్కోప్‌లోకి చూసేది నిమిషం కూడా ఉండదు.

డబ్బాల మీద ఉండే అంకెల్లో 8×42 అంటే వస్తువు 8 రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, ముందు గాజు 42 మిల్లీమీటర్ల వెడల్పని. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది కదా, నీకు కావాల్సిన అంకె అదే. బైనాక్యులర్స్‌ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని కంటి వైపు గాజులోకి చూడు, గుండ్రంగా వెలుగు బొట్టు ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. చీకట్లో కుర్రాళ్ల కనుపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, నా వయసు వాళ్లది ఐదుకి అటూ ఇటూ. బొట్టు కనుపాప కంటే మరీ చిన్నదైతే సందెవేళ అంతా మసకే. టెక్సస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం అయ్యాక అరగంట దాకానే కాల్చాలి, జింకలు ఎక్కువగా తిరిగేది కూడా సరిగ్గా ఆ అంచుల్లోనే. నువ్వు పంపిన 6-24×50 అంటే 6 రెట్ల నుంచి 24 రెట్ల దాకా మార్చుకోవచ్చని, ముందు గాజు 50 మిల్లీమీటర్లని. దాన్ని 24 మీద పెడితే బొట్టు 2 మిల్లీమీటర్లు. మధ్యాహ్నం బాగానే ఉంటుంది, మధ్యాహ్నం జింక ఎక్కడుంటుందో నన్నడగకు.

అదీకాక దాని కనిష్ఠమే 6. లానో రాళ్ల గుట్టల్లో నలభై గజాల్లో జింక లేచిందంటే స్కోప్ నిండా బొచ్చే కనిపిస్తుంది, అది భుజమో తొడో తేల్చుకునేలోపు అది పారిపోతుంది. మామూలు 3-9×40 చాలు. మూడు మీద పెట్టుకుని తిరుగు, తీరిక దొరికితే పెంచుకో, చీకటి పడుతుంటే ఆరుకి దించు, 40ని 6తో భాగిస్తే బొట్టు ఆరున్నర దాటుతుంది. సందెవేళ పవర్ తగ్గిస్తే ఎక్కువ కనిపిస్తుందని నేను చెబితే మొదట్లో ఎవరూ నమ్మరు.

వెలుగు విషయంలో రెండోది కోటింగ్. పూత లేని గాజు తనమీద పడ్డ వెలుగులో ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెనక్కి కొట్టేస్తుంది, బైనాక్యులర్స్‌లో అలాంటి ముఖాలు పదికి పైనే. 1935లో జర్మనీలో లెన్సులు చేసే జైస్ కంపెనీలో స్మకులా అనే ఆయన దీనికి పూత కనిపెట్టాడు. ఇప్పుడు డబ్బా మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అన్న మూడు మాటలూ ఉండాలి, ఒట్టి "కోటెడ్" అంటే ఏదో ఒక గాజుకి పూశారని మాత్రమే. కొట్లో ట్యూబ్‌లైట్ కింద ముందు గాజు వంచి చూడు. లైటు ప్రతిబింబం ఆకుపచ్చగానో ఊదాగానో పలచగా ఉంటే మంచిది, తెల్లగా మెరిస్తే పక్కన పెట్టెయ్. వెలుగు బొట్టు కూడా గుండ్రంగా ఉండాలి, అంచులు చెక్కినట్టు నలుపలకలుగా ఉంటే లోపల చవక ప్రిజం వేశారన్నమాట. నీకు కళ్లద్దాలు కాబట్టి ఐ రిలీఫ్, అంటే బొమ్మ మొత్తం కనిపించేలా కంటికీ గాజుకీ మధ్య ఉండాల్సిన దూరం, 15 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకో, కంటికి ఆనించే కప్పులు కిందికి తిప్పేసి చూడు. కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చెయ్యి, తర్వాత ఎడమది మూసి కుడివైపు రింగ్ తిప్పు. ఇది చెయ్యకుండానే తలనొప్పి వస్తోందని బైనాక్యులర్స్ అమ్మేసుకున్నవాళ్లు ఉన్నారు.

స్కోప్‌కీ ఐ రిలీఫ్ ఉంటుంది, అక్కడ సంగతి వేరు. కంటికీ గాజుకీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఉండాలి, ఎందుకంటే కాల్చగానే రైఫిల్ వెనక్కి తంతుంది. నా కుడి కనుబొమ మీది గీత చూశావుగా, కారు డోర్ తగిలిందని మీ అమ్మకి చెప్పాం. గుట్ట పైకి గురిపెట్టి పడుకుని మెడ ముందుకు చాచాను, స్కోప్ అంచు దిగింది, మూడు కుట్లు. మీ అత్త నెల రోజులు నవ్వింది.

పారలాక్స్ అని ఇంకోటుంది. పాత కారులో ముల్లు స్పీడోమీటర్ పక్కసీట్లోంచి చూస్తే వేరే అంకె చూపిస్తుందే, అదే. తల కాస్త జరిగితే స్కోప్‌లో గురి చూసే అడ్డగీతలు, అదే క్రాస్‌హెయిర్, కూడా జింక మీద జరిగినట్టుంటుంది. మామూలు హంటింగ్ స్కోపుల్లో ఎక్కువ వాటికి దీన్ని 100 గజాలకి సరిచేసి ఇస్తారు, నీ దూరాలకి అది సరిపోతుంది, చెంప మాత్రం ప్రతిసారీ ఒకేచోట ఆనించు. ఫస్ట్ ఫోకల్ ప్లేనా సెకండా అని వీడియోల్లో కొట్టుకుంటుంటారు, ఆ గొడవ నీకు ఇప్పుడు అక్కర్లేదు.

క్లిక్కుల లెక్క మాత్రం రాసుకో. గురి సర్దడానికి స్కోప్ మీద తిప్పే బిరడాలుంటాయి, ఎక్కువ వాటిల్లో ఒక క్లిక్ అంటే పావు ఎంఓఏ (కోణానికి చిన్న కొలత అది), 100 గజాల్లో దాదాపు పావు అంగుళం. తూటా 3 అంగుళాలు కింద పడితే 12 క్లిక్కులు పైకి. 25 గజాల్లో అదే క్లిక్ అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది, అంటే 2 అంగుళాలకి 32 క్లిక్కులు. మొదటిసారి నేను 25 గజాల్లో 8 తిప్పి, ఏమీ జరగలేదని స్కోప్ పాడైందనుకున్నా. రెండోసారి నిజంగానే గురి రోజుకో చోటికి పోయింది. చివరికి చూస్తే స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులకి కొట్లో బిగించి ఇచ్చిన స్క్రూలు వదులు, డబ్బా తూటాలు వృథా. అప్పట్నుంచి ఎంత బలంగా బిగించామో కొలిచే టార్క్ రెంచ్‌తో నేనే బిగించుకుంటున్నా.

మంచి స్కోపుల్లో గాలి తీసేసి నైట్రోజన్ నింపుతారు, స్కోపులు చేసే లూపోల్డ్ కంపెనీ వాళ్లు 1947లోనే అలా చేశారు, దాంతో లోపల ఆవిరి పట్టదు. బయటి గాజు మీద పట్టేది నీ ఊపిరే, చలిలో దాని మీదకి ఊదకు. ఇంకోటి, ఇండియా వెళ్లేటప్పుడు బైనాక్యులర్స్ తీసుకెళ్లు గానీ స్కోప్ సూట్‌కేస్‌లో వెయ్యకు, రైఫిల్ స్కోపులకి ఇక్కడి ఎగుమతి ఆంక్షలున్నాయి.

లైసెన్స్ చేతికొచ్చిన వారం శనివారం పొద్దున్నే ఇంటికి రా. నా 8×42, పక్కింటాయన 10×42 రెండూ ఇస్తాను, సాయంత్రం ఏడింటికి పెరట్లో నిలబడి దూరపు ఫెన్స్ మీద మేకులు లెక్కపెట్టు. ఎక్కువ మేకులు ఎందులో కనిపిస్తే అది కొనుక్కుందువు. కళ్లద్దాలు మర్చిపోకు, టిఫిన్ మీ అత్త చూసుకుంటానంది.

మీ మావయ్య