గిత్తల్ని సంతకి తోలకు అల్లుడూ

అల్లుడూ,

కోడెదూడలు రెండింటినీ వచ్చే సంతకి తోలుతున్నావని మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు. సంతలో ఒంగోలు గిత్తనైనా మామూలు ఎద్దులాగే బేరమాడతారు, పొద్దెక్కేకొద్దీ తిరుగు కిరాయి గుర్తొచ్చి మనమే తగ్గుతాం. నేనూ ఇంకా పళ్ళు మారని పాలపళ్ళ గిత్తని ఒకదాన్ని అలాగే ఓ దళారికి ఇచ్చేశాను. రెండేళ్ళకి బండలాగుడు పందెంలో నుదుటి సుడి చూసి గుర్తుపట్టా. దాన్ని కొన్నాయనది మన పక్క మండలమే. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అందుకే చెప్తున్నా, సంక్రాంతికీ శివరాత్రికీ ఉగాదికీ పందేలు జరిగే చోటికి నువ్వే వెళ్ళు. గెలిచినవాళ్ళ చుట్టూ ఎలాగూ జనం ఉంటారు, నువ్వు ఓడినవాళ్ళ దగ్గర కూర్చో. అక్కడ పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని వయసుని బట్టి విభాగాలు కదా, గిత్తకి పళ్ళు మారితే కింది విభాగానికి మళ్ళీ కొత్త గిత్త కావాలి. జతలో ఒకటి కుంటిపడినవాడైతే సరిజోడు కోసం ఊళ్ళన్నీ తిరుగుతుంటాడు, వాడు మొదట అడిగేది ఎత్తే. టేపుతో కొలిచి రాసిపెట్టుకో.

వాట్సాప్‌లో వీడియో పెడితే పూలదండలూ పాటలూ వద్దు. చదును నేల మీద నడిపిస్తూ పక్కనుంచి తీయి, పళ్ళు, గిట్టలు, మూపురం కనబడాలి. లోపం ఉంటే ముందే చెప్పు, ఇంటికొచ్చాక బయటపడితే ఆ మాట ఊరంతా పాకుతుంది.

ఒక నోటుబుక్కు పెట్టు. చెవిపోగు మీది 12 అంకెల నంబరు, తల్లి పూటకిచ్చే పాలు, తండ్రి ఏ ఆబోతో (ఆవుకి కట్టుసూది వేయించి ఉంటే, ఆ వీర్యం నింపిన స్ట్రా అనే సన్న గొట్టం మీద ఆబోతు నంబరు ఉంటుంది, డాక్టరుని అడిగి రాసుకో), గాలికుంటు టీకా తేదీ. బ్రెజిల్‌లో మన జాతినే నెలోర్ అని పెంచుతున్నారు, అక్కడ మంచి పశువుకి పలికే ధర వెనక తరతరాల లెక్క రాసి ఉంటుంది. మన దగ్గర అదే లేదు, నాకు బాధ అక్కడే.

పెయ్యల్ని మాత్రం తొందరపడి అమ్మకు. ప్రకృతి సేద్యం చేసేవాళ్ళకి జీవామృతం అనే ద్రవ ఎరువుకి పేడ, పంచితం కావాలి, పందెం వాళ్ళలా సుడులు చూడరు, మచ్చికైన ఆవైతే చాలు. తీరిక చూసుకుని, మన ఒంగోలు జాతిని పెంచే చదలవాడ పశుక్షేత్రానికీ, గుంటూరు దగ్గర లాం ఫారానికీ ఒకసారి వెళ్ళిరా, అక్కడి పశువుల్ని చూస్తే మన దూడ ఏపాటిదో నీకే తెలుస్తుంది.

ఆదివారం వస్తున్నా, టేపు నేనే తెస్తా. అప్పటిదాకా ఎవరి దగ్గరా బయానా తీసుకోకు.

మీ మామయ్య